ఆరో బెడ్ దాకా

మా డయాలిసిస్ సెంటర్‌లో పది బెడ్లు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖాన రెండో అంతస్తులో ఉంటుంది. పొద్దున ఆరింటికల్లా మొదటి షిఫ్టు మొదలవుతుంది. కిడ్నీలు పని మానేసిన మనుషులు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు పడుకుని, ఒంట్లో నెత్తురును మిషన్ గుండా తిప్పించుకుని వెళ్తారు. నేను అక్కడ పద్నాలుగేళ్లుగా టెక్నీషియన్‌ని. ఇప్పుడు సీనియర్‌ని. అంటే జీతం కొంచెం ఎక్కువ, మాటలు పడటం చాలా ఎక్కువ.

నాకు హస్తవాసి ఉందని పేరు. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు, అలాగని వద్దన్నదీ లేదు. డయాలిసిస్‌కు వచ్చేవాళ్లకు ముందే చేతికి ఆపరేషన్ చేసి లోపల రెండు నరాలను కలుపుతారు. ఆ కలిపిన దాని పొడవునా ప్రతిసారీ రెండు సూదులు గుచ్చాలి. ఒక సూది నెత్తురు తీసుకోవడానికి, ఇంకోటి తిరిగి ఇవ్వడానికి. మామూలు ఇంజక్షన్ సూదులు కావవి, బొంతసూది అంత లావు ఉంటాయి. అందుకే ఎవరు గుచ్చుతారన్నది మా పేషెంట్లకు పెద్ద విషయం. నా చెయ్యి పడితే నొప్పి తెలియదని, ఆ రోజు బీపీ పడిపోదని, ఇంటికి పోయి ఇంత అన్నం తినబుద్ధవుతుందని వాళ్ల నమ్మకం. మిర్యాలగూడ రైస్ మిల్లు ఆసామి ఒకాయన తన ఊళ్లో ఉన్న సెంటర్‌ను వదిలి నా చెయ్యి కోసం ఇంత దూరం కారులో వస్తాడు.

పది మందికీ నేనే గుచ్చలేను. షిఫ్టుకు ముగ్గురమో నలుగురమో ఉంటాం, అందులో ఒకరిద్దరు కొత్తవాళ్లు. పొద్దున్నే చేతులు కడుక్కుని ఒకసారి బెడ్లన్నీ చూసి, ఎవరి దగ్గరికి నేను పోవాలో అక్కడికక్కడే అనుకునేదాన్ని. ఎవరి పరిస్థితి కష్టంగా ఉంటే వాళ్ల దగ్గరికి పోతున్నానని నా లెక్క. ఎవరైనా అడిగి ఉంటే ఒట్టు పెట్టి అదే చెప్పేదాన్ని.

ఏడాదిగా నాకేదీ తగలడం లేదు. ఒక బెడ్ మీద మనిషి పోతాడు, దుప్పటి మారుస్తాం, వెయిటింగ్‌లో ఉన్న పేరు ఆ బెడ్‌కు రాస్తాం. ఇదివరకు ఇంటికి వెళ్లి స్నానం చేస్తూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు సబ్బు అయిపోయిందని గుర్తు చేసుకుంటాను. కాలు తిమ్మిరెక్కితే నేల మీద ఆనిందో లేదో తెలియదు చూడండి, అలా ఉండేది. అన్నం తింటున్నాను, టీవీ చూస్తున్నాను, అందరితో మాట్లాడుతున్నాను. మనిషిని మాత్రం అక్కడ లేను.

కోదాడలో మా ఆడపడుచు ఉంటుంది. ఆమే నా వాలకం చూసి ఆదివారాలు ధ్యానానికి లాక్కుపోవడం మొదలుపెట్టింది. రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒకావిడ తన ఇంటి మేడ మీద చాపలు పరిచి నేర్పుతుంది. గురువు, శిష్యులు అనే హడావుడి ఏమీ లేదు. మొదట మంచినీళ్లు ఇస్తుంది, చివర మజ్జిగ ఇస్తుంది, మధ్యలో గంటన్నర నోరు మూసుకుని కూర్చోవాలి. నాకు మొదటి రెండు వారాలు మజ్జిగ ఒక్కటే నచ్చింది.

మూడో వారం ఆవిడ తలా గుప్పెడు చింతగింజలు పంచింది.

"ముగ్గుర్ని తలుచుకోండి. ఒకరు మీకు ఇష్టమైనవాళ్లు, ఒకరు గిట్టనివాళ్లు, ఒకరు మీకు ఏమీ కానివాళ్లు. ఒక్కొక్కరికి పది గింజలు. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముఖం చూస్తూ, ఊపిరికి ఒక గింజ చొప్పున వాళ్ల ముందు పెట్టండి. మనసు పక్కకి పోయిందా, ఆపేయండి. మిగిలినవి మీ చేతిలోనే ఉంచేయండి. బలవంతంగా పెట్టొద్దు" అంది.

"పెట్టకుంటే ఏమైతదమ్మా?" అన్నాను. నాకు ఎదురు ప్రశ్నలు వేసే జబ్బు ఉంది.

"ఏం కాదండీ. ఎవరికి ఎన్ని వెళ్లాయో తెలుస్తుంది, అంతే. సరిచేయడం తరవాత సంగతి. ముందు చూడటం కావాలి కదా?"

మా ఆడపడుచు నా వైపు ఓరగా చూసి నవ్వింది. గిట్టని మనిషి కింద నన్నే కూర్చోబెట్టుకుందని నా అనుమానం.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక, మా ఆయన బయటికి వెళ్లిన సమయంలో, వంటింటి గచ్చు మీద కూర్చున్నాను. ముగ్గుర్ని కాదు, నా పది బెడ్లనీ పెట్టి చూద్దామనిపించింది. ఇంట్లో చింతగింజలకు కొదవ లేదు.

ఒకటో బెడ్ రిటైరైన లెక్కల సారు. సూర్యాపేట వాడే. సూది గుచ్చేటప్పుడు నాకు ఎక్కాలు అప్పజెప్పమంటాడు. పదిహేడో ఎక్కంలో నేను తడబడితే బెడ్ మీదనే గోడకుర్చీ వేయిస్తానని బెదిరిస్తాడు. ఆయన ముఖం తలుచుకోగానే వచ్చింది. పది గింజలూ పోయాయి, ఇంకో రెండు వేయబోయి ఆగాను. రెండో బెడ్ రైస్ మిల్లు ఆసామి. ఆయనంటే నాకు ఒళ్లు మంట. మా సెంటర్ మేనేజర్‌తో ఫోన్‌లో మాట్లాడుతూనే నాకు చెయ్యి చాపుతాడు. ఆయనకూ పది పోయాయి. కోపంగా పోయాయి, కానీ పోయాయి. మూడు, నాలుగు, ఐదు. ఒకరికి ఆరు, ఒకరికి తొమ్మిది, అలా.

ఆరో బెడ్ దగ్గరికి వచ్చేసరికి ముఖం రాలేదు.

కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఆమె పేరు తెలుసు. ఊరు గరిడేపల్లి అని తెలుసు. బ్లడ్ గ్రూపు తెలుసు. ఒంట్లో నీరంతా తీసేశాక ఎంత బరువు ఉండాలో అరకిలో తేడా లేకుండా తెలుసు. నలభై మూడున్నర. కుడిచెయ్యి తెలుసు. ఆ చేతి మీద ఎక్కడ నరం పైకి తేలుతుందో తెలుసు. చేతి నుంచి పైకి, భుజం దాటి వెళ్తే అక్కడ ఏమీ లేదు. మూడేళ్లుగా వారానికి మూడు రోజులు నాకు ఇరవై అడుగుల దూరంలో పడుకునే మనిషి. గింజలు పదీ చేతిలోనే ఉన్నాయి, చెమటకు తడిసి వేళ్లకు అంటుకున్నాయి.

బాధ కలగాలి కదా? కలగలేదు. గింజలు డబ్బాలో పోసి, బియ్యం కడిగాను.

మర్నాడు సోమవారం. అడుగు పెడుతూనే ఆరో బెడ్ వైపు చూశాను. సన్నటి మనిషి, నలభై దాటి ఉండవు. కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ, ముందు పన్ను కొంచెం విరిగింది. వచ్చి పడుకునేటప్పుడు చెప్పులు బెడ్ కిందికి లోపలికంటా తోసేస్తుంది, ఎవరి కాలికీ తగలకుండా. చూస్తుండగానే హుజూర్‌నగర్ నుంచి వచ్చే మా కొత్త టెక్నీషియన్ పిల్ల ఆమె దగ్గరికి వెళ్లింది. రోజూ అంతే. మొదటి సూది దిగింది. రెండోది నరం అవతలి గోడను కూడా దాటేసింది. లోపల నెత్తురు కారి, చూస్తుండగానే మోచేతి పైన కోడిగుడ్డంత ఉబ్బు లేచింది. ఆరో బెడ్ ఆమె అరవలేదు. పెదవి కొరుక్కుంది.

"అయ్యో సారీ అక్కా, సారీ" అంది పిల్ల.

"ఏం గాదు బిడ్డా, గుచ్చు. నేర్సుకోవాలె గద" అంది ఆమె.

ఐస్ పెట్టించి, సూది తీసి వేరే చోట నేనే వేయబోతుంటే మిల్లు ఆసామి బెడ్ దగ్గర మిషన్ మోత పెట్టింది. అటు పోయాను. తిరిగి వచ్చేసరికి పిల్ల ఎలాగో తంటాలు పడి వేసేసింది. అప్పుడు ఆ చెయ్యిని సరిగ్గా చూశాను. ఒకే చోట మళ్లీ మళ్లీ గుచ్చడం వల్ల రెండు పెద్ద ఉసిరికాయలంత బుడిపెలు లేచి ఉన్నాయి. వాటి మీద చర్మం ఉల్లిపొరలా పలచబడింది. పాత కమిలిన మచ్చలు పసుపు, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మణికట్టు దాకా దిగాయి. నరం మీద వేళ్లు పెట్టాను. బాగున్న చేతిలో లోపల గుర్రుమని అదురు తెలుస్తుంది. మా పేషెంట్లు దాన్ని మోటరు అంటారు. 'మోటరు మంచిగ నడుస్తందా' అని ఒకరినొకరు పలకరించుకుంటారు. ఆమె మోటరు నడుస్తోంది, కరెంటు సరిపోని బోరులా.

ఆమెకు ఎడమచేతిలో కలిపిన నరం మొదట్లోనే పనికిరాకుండా పోయింది. మిగిలింది ఈ కుడిచెయ్యి ఒక్కటే. ఇది కూడా ఆగిపోతే మెడలో గొట్టం వేయాలి. మెడలో గొట్టం ఉంటే చీము పట్టొచ్చు, చలిజ్వరాలు రావచ్చు. ఆ గొట్టంతో ఎన్నాళ్లు నెట్టుకొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇదంతా నాకు కొత్తగా తెలిసింది కాదు. ప్రతి కొత్త టెక్నీషియన్‌కూ మొదటి రోజు నేనే చెప్పే పాఠం. ఆ పాఠం అయ్యాక చివర ఇంకో మాట కూడా చెప్పేదాన్ని. దాన్ని ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని ఉండగా నా గొంతులోనే విన్నాను.

"ఆరో బెడ్ ఆమె కాడ నేర్సుకోర్రి. ఆమె ఏమనదు."

ఒక బ్యాచ్ కాదు, మూడు బ్యాచ్‌లకు చెప్పాను. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటారు. నేను ఎవరినీ మొత్తలేదు, ఆమెను నేర్చుకునేవాళ్ల చేతుల్లో పెట్టాను, అంతే. కష్టంగా ఉన్నవాళ్ల దగ్గరికి పోతున్నానన్నది వట్టి అబద్ధం. నన్ను నవ్వించే సారు దగ్గరికి పోయాను, నన్ను భయపెట్టే ఆసామి దగ్గరికి పోయాను. నవ్వించడమూ రాక, భయపెట్టడమూ చేతగాక, ఊరికే చెయ్యి చాపి పడుకున్న మనిషి దగ్గరికి పోవడానికి నాకు కారణం దొరకలేదు. అడగందే అమ్మైనా పెట్టదు అని పేషెంట్లకు సుద్దులు చెప్పేది కూడా నేనే.

ఎందుకిలా అని ఆలోచిస్తే మా పొలం గుర్తొచ్చింది. మాది మాడుగులపల్లి దగ్గర ఊరు, పొలాలున్న ఇల్లు. నాట్ల రోజుల్లో మా నాన్న నన్ను గట్టు మీద నిలబెట్టి, మడిలో ఎంతమంది దిగారో చూసి చెప్పమనేవాడు. నేను వంగిన వీపులు లెక్కపెట్టేదాన్ని. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. వాళ్లు నడుం ఎత్తి సద్ది విప్పుకునే వేళకు నేను ఇంట్లో ఉండేదాన్ని. పది నాట్లకాలాలు అలా చూశాను, ఒక్క ముఖమూ గుర్తు లేదు. ఆరో బెడ్ ఆమె కూడా జబ్బు పడకముందు నాట్లు వేసేదని ఫైలులో రాసి ఉంది. ఇది తెలిశాక సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. నిజానికి గట్టు మీద ఎంత చల్లగా నిలబడేదాన్నో అంత చల్లగానే ఉన్నాను. అదే నన్ను భయపెట్టింది.

బుధవారం నుంచి పద్ధతి మార్చాను. ఎవరి దగ్గరికి పోవాలో నేను ఎంచుకోను. బెడ్ల వరుసలో పోతాను, వారం వారం మొదలు మారుతుంది. చెయ్యి దెబ్బతిన్నవాళ్లకు మాత్రం అది బాగయ్యేదాకా నేనే గుచ్చుతాను. ఆ లెక్కన ముందు వచ్చేది ఆరో బెడ్. ఈ సంగతి విని లెక్కల సారు మూతి ముడిచాడు.

"ఏమ్మా, మమ్ముల మర్సినవా? పదిహేడో ఎక్కం వచ్చిందని పొగరా?"

"మరువలేదు సార్. వరుసల వస్త."

"వరుసంటే బడిల పిల్లలకు. నాక్కూడనా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు కానీ, కొత్త పిల్లకు చెయ్యి ఇచ్చేటప్పుడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నాకు కాళ్లు అటే లాగాయి. అది మాత్రం తెలిసింది, తిమ్మిరి వదిలేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఉంటుందే, అలా. మిల్లు ఆసామి ఫోన్ తీసి మేనేజర్‌కు కొట్టాడు.

నేను ట్రే పట్టుకుని ఆరో బెడ్ దగ్గరికి వెళ్లి స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆమె ముందు నా వెనక చూసింది, ఇంకెవరో వస్తున్నారేమోనని. ఎవరూ రాకపోయేసరికి చెయ్యి మెల్లగా పొట్ట మీదికి లాక్కుంది.

"ఏంది మేడం?"

"సూది ఏస్తనమ్మా. చెయ్యి ఇయ్యి."

"ఆ పిల్ల ఏది?"

"వేరే బెడ్ కాడ ఉంది. ఇయ్యాల నేనేస్త."

ఆమె చెయ్యి ఇవ్వలేదు. విరిగిన పన్నుతో కింది పెదవి పట్టుకుని నన్నే చూసింది. ఆ చూపు నాకు తెలుసు. డాక్టర్ రిపోర్టు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు పేషెంట్లు చూసే చూపు.

"నాకేమన్న అయ్యిందా మేడం?"

"ఏం గాలేదమ్మా. మొన్న చెయ్యి ఉబ్బింది గద, గందుకే నేనొచ్చిన."

"ఇంతకుముందు గూడ ఉబ్బింది మేడం. శానసార్లు ఉబ్బింది. గప్పుడు మీరు రాకపోతిరి." తప్పు పడుతున్నట్టు అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "పోయిన్నెల నాలుగో బెడ్ ముసలాయన కాడికి మీరు రెండు రోజులు వచ్చిండ్రు. మూడోనాడు ఆయన లేడు. నేను సూసిన."

నిజమే. ఆయన బీపీ నిలవడం లేదని నేనే వెళ్లాను. ఆ రెండు రోజులూ నేను నాలుగో బెడ్‌నే చూశాను. ఆరో బెడ్ నన్ను చూసింది.

"దాసకుండ చెప్పుర్రి మేడం. మా చిన్నది పదో తరగతి. పరీక్షలు గిన అయ్యేదాక ఉంటనా?"

"అయ్యో, అట్ల కాదమ్మా. నువ్వు మంచిగున్నవ్. దేవుని తోడు." దేవుడి పేరెత్తడం నా తప్పు. దేవుడి పేరు ఎప్పుడెత్తుతామో ఆమెకు తెలుసు. కళ్లు మూసుకుని చెయ్యి ఇచ్చేసింది, ఇక వాదించి లాభం లేదన్నట్టు.

బుడిపెలను వదిలేసి, పైన మంచి చోటు వెతికి రెండు సూదులూ వేశాను. ఒక్క చుక్క బయటికి రాలేదు. పద్నాలుగేళ్లలో అంత జాగ్రత్తగా ఎవరికీ వేసి ఉండను. మిషన్ పంపు తిరగడం మొదలైంది, నెత్తురు గొట్టంలో సాఫీగా పోయింది. ఆమె నాలుగు గంటలూ పైకప్పు చూస్తూ పడుకుంది. మధ్యలో నేను ఇచ్చిన బిస్కెట్లు ముట్టలేదు. రోజూ కొత్త పిల్లతో ఏదో ఒకటి మాట్లాడే మనిషట, ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదట. ఆ సంగతి తర్వాత పిల్లే చెప్పింది. చిన్నకూతురికి సైన్సులో తొంభై వచ్చాయని, పెద్దక్క హుజూర్‌నగర్‌లో ఉంటుందని, ఆరో బెడ్ ఆమె ఆదివారం చర్చిలో పాటలు పాడుతుందని కూడా పిల్లే చెప్పింది. నాకు అవేవీ తెలియవు.

ఆ రాత్రి గింజలు పెట్టుకోలేదు. గురువారం పొద్దున పెట్టుకున్నాను. ఆరో బెడ్ దగ్గర ముఖం వచ్చింది. కనుబొమ్మ మీద మచ్చ, విరిగిన పన్ను, భయం. పది గింజలూ పోయాయి. నేను బాగుపడుతున్నానని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది. ఏడాదిలో నాకు హాయిగా అనిపించింది అదొక్కటే, అందుకే దాచకుండా రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున మెట్ల దగ్గర జనం కనిపించారు. ఒక ఆటో నిండా వచ్చినట్టున్నారు. వాచ్‌మన్ ఇంతమంది పైకి పోవద్దని అరుస్తున్నాడు. బత్తాయిలు పట్టుకున్న పెద్దావిడ ఒకామె, తెల్లచొక్కా వేసుకుని బైబిలు పట్టుకున్న పాస్టరు, బడి యూనిఫాంలో రెండు జడల ఆడపిల్ల. వాళ్ల మధ్యలో ఆరో బెడ్ ఆమె, పండగకు కట్టే జరీ చీర కట్టుకుని, తల దువ్వుకుని ఉంది. ఆడపిల్ల ఆమె కొంగు వదలడం లేదు. పరీక్షలు దగ్గర పడుతున్న పిల్లను బడి మాన్పించి తెచ్చారు.

లోపలికి వచ్చాక చెయ్యి చూశాను. ఉబ్బు చాలావరకు తగ్గింది. మోటరు మునుపటికంటే గట్టిగా నడుస్తోంది. ఆ చెయ్యి నిలబడుతుంది. ఆ మాట ఆమెకు చెప్పాను, "చెయ్యి మంచిగయ్యింది సూడు" అని ఆమె వేళ్లు తీసి ఆమె నరం మీదనే పెట్టాను. తల ఊపింది. ఊపి, గాజు తలుపు అవతల నిలబడ్డ కూతురిని చూసింది.

సూదులు వేసి బయటికి వస్తే ఆమె భర్త కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పొలం పనులకు పోయే మనిషి. ఎప్పుడు వచ్చినా కింద మెట్ల మీదే కూర్చుంటాడు, పైకి రాడు. నన్ను చూసి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎన్ని రోజులు మేడం?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. ఆటో కిరాయి ఎంత అని అడిగినట్టు అడిగాడు.

నేను ఫైలు తెరిచి చూపించాను. రిపోర్టులు ఒక్కొక్కటే చదివి చెప్పాను. నెత్తురు శాతం పెరిగింది, ఉప్పు అదుపులో ఉంది, గుండె బాగుంది, చెయ్యి బాగవుతోంది. ఇట్లనే వచ్చిపోతుంటే ఇంకా చాలా ఏళ్లు ఉంటుందని చెప్పాను. నా మాటలో తేడా లేకుండా, డాక్టర్ చెప్పినట్టే చెప్పాను. అతను మొత్తం విన్నాడు. తువ్వాలు మడత పెట్టి, మళ్లీ విప్పాడు.

"అన్నీ మంచిగనే ఉంటే, మరి మీరెందుకొచ్చిండ్రు మేడం?"